లేని అంగడిలో వ్యాపారాభ్యాసము

వర్తకునకు చిట్టా, ఆవర్జాలు కన్నులవంటివి. ఎవ్వరికి ఎంత ఈయవలయునో, తనకు ఎవ్వరు ఎంత బాకీ యున్నారో, గిడ్డంగిలో ఏ సరుకు ఎంత నిలువయున్నదో వానివలననే తెలియును. నేడు పెక్కుచోట్ల ఆ పుస్తకముల స్థానమున కంప్యూటరు నిలిచినది. కొనుగోలు, అమ్మకము, నిలువ, పద్దులు అన్నిటిని ఒక్కచోట కూర్చి నడపు సాఫ్ట్‌వేరును ఈఆర్పీ యందురు.

ఇందొక చిక్కు కలదు. కాగితపు చిట్టా వర్తకుని సొంతము. సాఫ్ట్‌వేరు సాధారణముగా దానిని వ్రాసిన సంస్థ సొంతము. నేనెరిగిన యొక దుకాణమున సాఫ్ట్‌వేరు అమ్మినవారు కొంతకాలమునకు కంటికి కానరాకపోయిరి. కంప్యూటరు చెడగా, యజమాని మూడేండ్ల పద్దులను బిల్లుకట్టలు విప్పి మరల చేతితో వ్రాసికొనెను.

అట్టి దుస్థితికి విరుగుడు బహిరంగ మూలము గల సాఫ్ట్‌వేరు. దాని మూలలిపిని, అనగా ప్రోగ్రాము వ్రాసినవారు వ్రాసిన రూపమునే, అందరికిని అందుబాటున నుంచెదరు. ఎవ్వరైనను దానిని చదువవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును. ఈ హక్కు ఎంత బలమైనదో అడెంపియరె కథవలన తెలియును.

జోర్గ్ జాంకె అను నతడు కాంపియరె అను ఈఆర్పీని నిర్మించి, మూలలిపిని లోకమునకు విడిచిపెట్టెను. దానిచుట్టు పలుదేశముల ప్రోగ్రామర్లు చేరిరి. 2006లో ఆ సంస్థలోనికి మదుపుదారుల ధనము వచ్చెను. తాము వ్రాసి పంపిన మార్పులకు తగిన చోటు దొరకుటలేదని ఆ ప్రోగ్రామర్లలో పలువురు తలంచిరి. ఆ యేటి సెప్టెంబరులో వారు అదే మూలలిపిని తీసికొని వేరుకాపురము పెట్టిరి. దానికి ఇటాలియను భాషలో ‘నెరవేర్చుట’ యను నర్థముగల అడెంపియరె యను పేరు పెట్టిరి. లైసెన్సు అనుమతించినది గనుక వారినెవ్వరును ఆపజాలరైరి. తరువాత దీనినుండియే ఐడెంపియరె అను మరియొక శాఖ వెడలెను.

ఉచితముగా దొరకును గదా యని తొలిదినముననే సొంతలెక్కలు ఎక్కించుట తెలివిగాదు. నేర్చువారికొరకు ఇందులో ‘గార్డెన్ వరల్డ్’ అను నొక కల్పిత సంస్థ కలదు. అది మొక్కలంగడి. ఓక్, ఎల్మ్ చెట్లు, గులాబి, అజేలియా పొదలు, పెరటి కుర్చీలు అచట దొరకును. జో బ్లాక్ అను కొనుగోలుదారు సదా సిద్ధముగా నుండును! అతనికి నూరు చెట్లు తప్పుగా అమ్మినను ఎవ్వరికిని నష్టములేదు.

జో బ్లాకునకు నాలుగు గులాబిపొదలు అమ్మి చూడుడు. ముందు ఆర్డరు వ్రాయవలయును. సరుకు పంపిన పత్రము ముగించినంతనే నిలువలో నాలుగు తగ్గును. బిల్లు ముగించినపుడు అతని పేర బాకీ యేర్పడును. సొమ్ము జమచేసి ఆ బిల్లునకు చెల్లువేసినచో బాకీ తీరును. ఖర్చు, జమ పద్దులను ప్రోగ్రామే వ్రాసికొనును. వీనిలో నా మనస్సునకు మిక్కిలి నచ్చినది వేరొకటి. ముగించిన బిల్లును చెరపుటకు వీలులేదు. తప్పుపోయినచో దానికి సరిగా ఎదురుపద్దు పుట్టించి సరిచేయవలయును. చిట్టాలో కొట్టివేత కూడదని పూర్వపు గుమాస్తాలు పాటించిన కట్టుబాటు ఇదియే.

చేయి తిరిగిన పిమ్మట సొంతసంస్థను నెలకొల్పవలయును. మొదట నాణెము, లెక్కల సంవత్సరము, ఖాతాల పట్టిక. తరువాత వర్తకులు, సరుకులు, ధరలపట్టిక. ధరలపట్టికలో చేర్చని సరుకును ఆర్డరులో వ్రాయబోయి తికమకపడువారు పెక్కుమంది. పాతబాకీలను, నిలువలను ఎక్కించినతరువాత గూడ ఒకటి రెండు నెలలు కాగితపు చిట్టాను విడువరాదు. రెండు లెక్కలు పైసాతో సహా కలిసిన దినమున దానిని బీరువాలో పెట్టవచ్చును.