స్టెంటుకు మందు పూసిన కథ

“మా బావగారికి రెండు స్టంట్లు పడ్డాయి” అని మన ఊళ్లలో చెప్పుకునే వస్తువు అసలు పేరు స్టెంట్. సన్నని లోహపు జాలీ గొట్టం. 1977లో జ్యూరిక్‌లో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ గుండె నాళంలోకి బెలూన్ పంపి పూడికను అణిచాడు. బెలూన్ తీశాక కొందరిలో నాళం మళ్లీ ముడుచుకుపోయేది. దానికి ఊతంగా 1986లో ఫ్రాన్స్‌లో జాక్ పుయెల్, స్విట్జర్లాండ్‌లో ఉల్రిచ్ సిగ్వార్ట్ జాలీని లోపలే ఉంచేశారు. గోడ నిలబడింది. కానీ ఆరు నెలలు తిరిగేసరికి నలుగురైదుగురిలో ఒకరికి ఆ జాలీ లోపలే దారి ఇరుకయ్యేది. మన హైదరాబాద్‌లో అబ్దుల్ కలాం, డాక్టర్ సోమరాజు కలిసి తెచ్చిన కలాం-రాజు స్టెంట్ కూడా మందు పూయని ఆ కాలానిదే.

ఈసారి అడ్డుపడింది నాళం సొంత కండే. జాలీ విచ్చుకునేటప్పుడు నాళం లోపలి పలచని పొర చిరుగుతుంది. అక్కడికి చేరిన ప్లేట్‌లెట్లు గోడకు అతుక్కుని, పొట్లం విప్పినట్టు పీడీజీఎఫ్ అనే ప్రోటీన్‌ను వదులుతాయి. 1974లో సియాటిల్‌లో రస్సెల్ రాస్ బృందం జాడ పట్టిన వృద్ధి కారకం ఇది. నలిగిన కండర కణాల నుంచి ఎఫ్‌జీఎఫ్ అనే మరొకటి కారుతుంది. పెరగమనే ఈ కబురు అందగానే గోడ మధ్యపొరలోని కండర కణాలు లోపలికి పాకి, ఒకటి రెండై, రెండు నాలుగై పేరుకుంటాయి. వేలు తెగితే మచ్చ మిగిలినా నష్టం లేదు. మూడు మిల్లీమీటర్ల నాళంలో మచ్చకు చోటెక్కడిది?

విరుగుడు ఈస్టర్ దీవి మట్టిలో దొరికింది. మాంట్రియల్‌లో సురేంద్రనాథ్ సెహగల్ ఆ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి రాపామైసిన్ తీశాడు. మొదట దాన్ని శిలీంధ్రాల మందు అనుకున్నారు. సెహగల్ పనిచేసే కంపెనీ ఆ పని ఆపేస్తే, ఆయన సూక్ష్మజీవిని ఇంటి ఫ్రీజర్లో దాచుకున్నాడు. (ఆ ఇంటివాళ్ల ఓపికకూ దండం పెట్టాలి.) రాపామైసిన్ వృద్ధి కారకాల జోలికి పోదు. కబురు కణం దాకా రానిచ్చి, లోపల కణం రెండుగా చీలే పనిని మాత్రం ఆపేస్తుంది. 1999 డిసెంబరులో బ్రెజిల్‌లోని సావో పాలోలో ఎడ్వర్డో సౌజా ఈ మందు పూసిన స్టెంట్‌ను మొదటిసారి మనిషి గుండెలో అమర్చాడు.

చిక్కల్లా ఆ మందుకు తన పర భేదం లేకపోవడమే. లోహాన్ని కప్పాల్సిన పలచని పొరను కూడా అది ఆలస్యం చేస్తుంది. అంతవరకు బోసిగా ఉన్న తీగల మీద రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. డాక్టర్లు నెలల తరబడి రెండు రకాల మాత్రలు రాసేది అందుకే. ఒంట్లో బాగానే ఉందనో, పన్ను పీకించుకోవాలనో వాటిని మీ అంతట మీరు మానేయకండి. ముందు గుండె డాక్టరును అడగండి.