చెట్టు దాచుకొన్న లెక్క

గత సంవత్సరము మా విద్యార్థి యొకడు ఏలూరిలోని కలప అడితినుండి టేకుదుంగ ముక్క నొకదానిని తరగతికి దెచ్చెను. అందలి వలయములను మాకు జూపి, “మాస్టరుగారూ, ఈ సన్నని వలయము వానలు లేని యేటిదేనాండీ?” యని యడిగెను. మేము వెంటనే అవునంటిమి. ఆ యుత్తరము తొందరపాటు. పొరుగుచెట్ల నీడ పడినను, పురుగులు ఆకులను తినివేసినను వలయము సన్నగిల్లును. ఒక్క సాక్షి మాటపై తీర్పు చెప్పరాదు. రెండవ సాక్షి ఆ కొయ్యలోని కర్బనమే.

కర్బన పరమాణువు లన్నియు ఒకే బరువు గలవి కావు. నూటికి సుమారు 98.9 వంతులు 12 బరువు గలవి, సుమారు 1.1 వంతు 13 బరువు గలవి. వీనికి ఐసోటోపులని పేరు. ఈ రెండును రేడియమువలె కాలక్రమమున నశించునవి కావు గనుక స్థిర ఐసోటోపు లందురు. చెట్టు గాలిలోని బొగ్గుపులుసు వాయువును ఆకురంధ్రముల ద్వారా గ్రహించి కొయ్యగా మార్చుకొనును. ఆ పనికి తోడ్పడు రుబిస్కో యను పదార్థము తేలిక పరమాణువులనే ఎక్కువగా గైకొనును.

కొల్లేటి చేపల గంప యెదుట నిలిచిన గృహిణిని తలచుకొనుడు. గంప నిండుగా నున్నచో తనకు నచ్చిన వానినే యేరుకొనును. నాలుగే మిగిలినచో ఏరుటకు వీలు లేదు. అట్లే నీరు సమృద్ధిగా నున్నపుడు రంధ్రములు తెరచియుండును. ఆకు తేలిక కర్బనము నేరుకొనును. నీరు కొఱవడినపుడు చెట్టు తడిని కాపాడుకొనుటకు రంధ్రములను మూసికొనును. లోపల చిక్కిన గాలిలోని బరువు కర్బనమును గూడ వాడుకొనవలసివచ్చును. కావున అనావృష్టి యేటి వలయములో 13 బరువు కర్బనము కొంచె మెక్కువ.

భేదము స్వల్పము గనుక వేయింటికి లెక్కింతురు. ప్రమాణముగా నేర్పరచిన సున్నపు శిలాజముకంటె అడవిచెట్లలో ఈ కర్బనము వేయింటికి సుమారు 27 వంతులు తక్కువ. వరియు నిట్టిదే. చెరకు, మొక్కజొన్న వేరు మార్గమున ఆహారము చేసికొనును గనుక వానిలో లోటు సుమారు 13 మాత్రమే. అందుచేతనే తేనెలో చెరకు పాకము కలిపినచో పరీక్షలో బయటపడును.

ఈ సాక్షియు ఒక్కొక్కప్పుడు త్రోవ తప్పించును. దట్టమైన అడవిలో లేతచెట్లకు వెలుగు తక్కువ. పైగా నేలపై ఆకులు క్రుళ్లగా వెలువడిన తేలిక వాయువును అవి పీల్చును. అందుచే దుంగ నడిమి వలయములు తడియేండ్లవలె అగపడును. రాక్షసిబొగ్గు, నూనెలు మండించుటచే గాలిలోని లోటు గూడ, యంత్రయుగమునకు ముందు వేయింటికి సుమారు 6.5 ఉండగా, ఇప్పుడు సుమారు 8.5 అయినది. వీనిని సవరించి, ఒకే అడవిలోని పలు చెట్లను పోల్చినగాని తీర్పు నిలువదు.

ఇది మన కేల? మెట్ట ప్రాంతములనుండి వచ్చు తమ్మిలేరు, బుడమేరు కొల్లేటిలో కలియును. మిగులు నీరు ఉప్పుటేటి ద్వారా సముద్రము చేరును. ఎగువను వాన తప్పిన కొల్లేరు అడుగంటును. మితిమీరిన ఊళ్లు మునుగును. వర్షమానములు లేని కాలపు వానల లెక్కను పాత చెట్లు తమ కొయ్యలో దాచుకొనియుండును. ఆ లెక్క చదువుటకు చెట్టును నరుకనక్కఱలేదు; బోలు బరమాతో పెన్సిలంత కడ్డీని తీసిన చాలును.

ఆ విద్యార్థికి మే మిప్పుడు చెప్పు నుత్తర మిది: “కావచ్చును, నాయనా. రెండవ సాక్షిని గూడ అడిగి చెప్పుదము.”