చదువునకు పోయిన పిల్లలు, ఇంటనున్న పెద్దలు

మృగశిర కార్తె ప్రవేశించుసరికి సభ్యులు మన సంఘ కార్యాలయమునకు రెండు విధములైన అక్కఱలతో వచ్చుచుందురు. ఒకటి విత్తనములకును ఎరువులకును. రెండవది పిల్లల చదువునకు. ఈ రెండవదానిని అర్జీలో ఎవరును వ్రాయరు. అయినను బంగారము కుదువపెట్టి తీసికొనిన సొమ్ములో కొంత పట్టణమందలి కళాశాలకు పోవుచున్నదని బల్ల కీవల కూర్చుండువారికి తెలియకపోదు. అసలును తండ్రి తీర్చుకొనును. దాని వడ్డీని మాత్రము పదునాఱేండ్ల బిడ్డ తన నిద్రతో కట్టుచున్నాడు.

ఒక దసరా సెలవులలో మన సభ్యులొకరు తమ కుమారుని వెంటబెట్టుకొని వచ్చిరి. బాలుడు ఇంటర్మీడియేటు మొదటి సంవత్సరము. ఊరి బడిలో పదవ తరగతివఱకు అతడే మొదటివాడు. పట్టణపు వసతి కళాశాలలో వారమువారమును పరీక్ష పెట్టి, వచ్చిన మార్కులను తండ్రి ఫోనునకు పంపుచుందురట. తండ్రి నలుగురి యెదుటను, "ఏరా, నీకోసమే గదా తూర్పు చెక్క తాకట్టు పెట్టితిని. ఈ మార్కులేమిరా?" అనెను. బాలుడు బదులు పలుకలేదు. కాగితములమీద సంతకము లగువఱకు గోడవైపు చూచుచు నిలుచుండెను.

ఆ తండ్రి కఠినుడు కాడు, ప్రేమచేతనే అట్లనెను. కాని సంక్రాంతికి ఇంటికి రానని బాలుడు కబురంపెను. తల్లి పోయి చూడగా అన్నము సయింపక, రాత్రులు నిద్రలేక, సగమై యుండెను. "అమ్మా, నాకు సీటు రాకున్నచో ఆ చెక్క పోవునా?" అని యడిగెనట.

"ఎండలో దుక్కి దున్ను మాకు లేని కష్టము నీడన కూర్చుండి చదువుకొను వీరికేమి?" అని మనలో పలువు రందురు. నేనును ఒకప్పు డట్లే అనుకొంటిని. వాన పడకున్నచో ఊరందఱి పైరును ఎండును. పొరుగువాడు మనలను తప్పుపట్టడు. పరీక్షలో తప్పిన బిడ్డ యొంటరిగా తప్పును, ఆ సంగతి గోడమీద అంటింతురు. ఈ తేడాను మనము తలచుకొనుట లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థవారి లెక్క ప్రకారము పది మొదలు పందొమ్మిదేండ్లవఱకు గల పిల్లలలో ఏడుగురి కొక్కరు ఏదో యొక మానసిక రుగ్మతతో బాధపడుచున్నారు. ఈ వయస్సున నిద్ర సహజముగనే రాత్రి ఆలస్యముగా వచ్చును. శరీరమునకు మాత్రము ఎనిమిది మొదలు పది గంటల నిద్ర కావలయును. పలు వసతిగృహములలో రాత్రి పదునొకండు వఱకు చదివించి తెల్లవారుజామున లేపుదురు. కాడి యెద్దులున్న దినములలో వానికైనను మధ్యాహ్నము కాడి విప్పెడివారము.

మార్కులు రాకపోవుట సోమరితనమే యనుటయు సరి కాదు. 2024వ సంవత్సరమున నీట్ పరీక్షకు 23 లక్షలకు పైగా విద్యార్థులు కూర్చుండిరి. ఆ యేట దేశమంతట ఎం.బి.బి.యస్. సీట్లు లక్షకు కొంచెము పైన మాత్రమే యుండెను. ఇరువదిమంది చక్కగా చదివినను ఒక్కరికే చోటు. ఇక మార్కుల కాగితమే తప్పు కావచ్చును. 2019 ఏప్రిలులో తెలంగాణ ఇంటర్మీడియేటు ఫలితములలో తప్పులు దొర్లెను. తెలుగులో సున్న యని చూపబడిన యొక బాలికకు మరల చూడగా 99 వచ్చినట్లు తేలెను. ఆ దినములలో ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరని పత్రికలు వ్రాసెను. తప్పు దిద్దుటకు దారి యుండెను. తప్పినవారికి అదే సంవత్సరము సప్లిమెంటరీ పరీక్షయు నుండెను. ఫలితము వచ్చిన ఆ రెండు మూడు దినములు బిడ్డ యొద్ద ఎవరో యొకరు కూర్చుండుట యన్నింటికంటె ముఖ్యము.

అప్పు సంగతి పిల్లలయొద్ద దాచుమని నేను చెప్పను. వారికి తెలియనిదేమియు లేదు. "అప్పు మాది, తీర్చు భారమును మాదే, చదువు మాత్రము నీది" అని తండ్రి నోట ఒక్కసారి వినబడవలయును. ఫోను చేసినప్పుడు మొదట మార్కులడుగక భోజనము సంగతి, స్నేహితుల సంగతి అడుగుడు. సీటు రానిచో ఏమి చేయవచ్చునో ముందుగనే కలసి మాటాడుకొనుడు. డిగ్రీ కలదు, మరల వ్రాయుట కలదు. ఇంకను పదవ తరగతిలో నున్నవారికి మన వ్యవసాయ విశ్వవిద్యాలయముల పాలిటెక్నికులు కలవు.

రుసుము కట్టునపుడు కళాశాలవారిని ఒక మాట అడుగవలయును. విశాఖపట్టణమున 2023లో మరణించిన యొక విద్యార్థిని విషయమై సుప్రీంకోర్టు 2025 జులైలో తీర్పు చెప్పెను. నూఱుమందియు అంతకు పైగాను విద్యార్థులున్న ప్రతి సంస్థయు అర్హతగల మనస్తత్త్వ సలహాదారు నొకరినైన నియమింపవలయుననియు, శిక్షణ సంస్థలు మార్కులనుబట్టి తరగతులు విడదీయుట, నలుగురిలో అవమానించుట మానవలయుననియు అందు ఆదేశించిరి. ఆ సలహాదారు ఎవరో చూపుడని మన మడుగవచ్చును.

ఈ వయస్సున దుఃఖము దుఃఖముగా కనబడదు. కోపముగా, కడుపునొప్పిగా, తలనొప్పిగా కనబడును. తనకు ప్రియమైన వస్తువులను బిడ్డ యితరులకు పంచిపెట్టినను, "నేను లేకున్న మీకు హాయి" యనినను తేలికగా తీసికొనరాదు. చావు తలంపు వచ్చుచున్నదా యని నెమ్మదిగా అడుగవచ్చును. అడిగినందువలన లేని తలంపు పుట్టదు. అడిగినవారితో బిడ్డ మనసు విప్పును. వెంటనే వైద్యునియొద్దకు తీసికొనిపోవలయును.

రైతు ఇంట మఱియొక జాగ్రత్త కావలయును. ఇట్టి తలంపు పెక్కుసారులు కొలది సమయము మాత్రమే నిలుచును. ఆ వేళ ప్రమాదకరమైన వస్తువు అందుబాటులో లేకుండుటయే ప్రాణము నిలుపును. శ్రీలంకలో మిక్కిలి విషమైన పురుగుమందులను క్రమముగా నిషేధింపగా, 1995 నుండి 2015 లోపల ఆత్మహత్యల ప్రమాణము నూటికి డెబ్బది వంతుల మేర తగ్గెను. కావున మందును ఏ పిచికారికి ఆ పిచికారికే సరిపడునంత కొనుడు. మిగిలినదానిని ఇంట నిలువ యుంచవలదు.

ఆ బాలుని తల్లి నెలరోజులు ఇంటనే యుంచుకొనెను. తండ్రి కళాశాలకు పోయి, మార్కుల సందేశములు ఇకమీదట పంపవలదని చెప్పి వచ్చెను. ఇపుడు బాలుడు మన మండలపు కళాశాలలోనే చదువుచు రాత్రికి ఇంటికి వచ్చుచున్నాడు. తూర్పు చెక్క ఇంకను తాకట్టులోనే యున్నది. వాయిదా తండ్రి కట్టుచున్నాడు.

మనసు కష్టమునకు సలహా చెప్పు ప్రభుత్వపు టెలి మానస్ ఫోను 14416. రాత్రింబవళ్లు ఉచితముగా పలుకును, తెలుగున మాటాడవచ్చును. ఈ అంకెను కార్యాలయములో ఎరువుల ధరల పట్టిక ప్రక్కన పెద్ద అక్షరములతో వ్రాయించితిమి. సభ్యులు తమ ఫోనులందు ఎక్కించుకొనగోరుచున్నాము. చేతకానివారికి మన గుమాస్తా ఎక్కించి యిచ్చును.