కారు ఆయిల్ బైక్‌లో పోయొచ్చా? డబ్బా వెనక చూడాల్సిన రెండక్షరాలు

ఈ ఎపిసోడ్ అంతా ఒకే ప్రశ్న మీద. "కారు సర్వీసింగ్‌లో లీటరు ఆయిల్ మిగిలింది, ఫుల్ సింథటిక్, ఖరీదైనది. స్ప్లెండర్‌లో పోసేయొచ్చా?" మన నల్లజర్ల వైపు కారూ బైకూ రెండూ ఉన్న ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు వచ్చే డౌటే ఇది.

పోయకండి. ఎందుకో చెప్తాను.

మామూలు గేర్ల కారులో ఇంజన్ ఆయిల్ ఇంజన్‌కే. క్లచ్ బయట పొడిగా ఉంటుంది, గేర్‌బాక్స్‌కి వేరే ఆయిల్. మన గేర్ బైక్‌లో అలా కాదండి. పిస్టన్, గేర్లు, క్లచ్ ప్లేట్లు, అన్నిటికీ ఒకటే ఆయిల్. దీన్నే వెట్ క్లచ్ అంటారు. క్లచ్ పట్టుకునేదే రాపిడి వల్ల. మైలేజీ కోసం చాలా కారు ఆయిళ్లలో రాపిడి తగ్గించే కెమికల్స్ కలుపుతారు. కారుకి మంచిదే, ఇక్కడ మాత్రం ప్లేట్లు జారడం మొదలవుతుంది. రేజ్ ఇస్తే సౌండ్ పెరుగుతుంది, బండి లాగదు. ఖాళీగా తిరిగితే పెద్దగా తెలీదు. కొల్లేరు వైపు చెరువు గట్టు మీదకి మేత బస్తాతో ఫస్ట్ గేర్‌లో ఎక్కించినప్పుడు తెలుస్తుంది. ప్లేట్లు మార్చే ఖర్చు ముందు ఆ లీటరు ఆయిల్ ఏ మూలకి?

ఈ గొడవకే జపాన్ వాళ్లు 1998లో జాసో అనే ప్రమాణం పెట్టారు. డబ్బా వెనక ఎంఏ అని ఉంటే క్లచ్ జారనివ్వదు. 2006లో దాన్నే ఎంఏ1, ఎంఏ2 అని విడగొట్టారు, ఎంఏ2కి పట్టు ఎక్కువ. ఎంబీ అంటే రాపిడి తక్కువ ఆయిల్. యాక్టివా లాంటి స్కూటర్‌కి అదే, ఎందుకంటే అక్కడ బెల్టు, క్లచ్ ఆయిల్‌లో మునగవు. ఇక్కడే చాలామంది బోల్తా పడేది. స్ప్లెండర్‌కీ 10డబ్ల్యూ-30, యాక్టివాకీ 10డబ్ల్యూ-30. నంబర్ ఒకటే కదా అని స్కూటర్ డబ్బా తెచ్చి బైక్‌లో పోస్తే కథ మళ్లీ మొదటికే.

ఇక నంబర్లు. డబ్ల్యూ ముందున్నది చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెప్తుంది. కెనడాలో మనవాళ్లు సరదాగా ఎక్కే ఫోర్ స్ట్రోక్ స్నోమొబైల్‌కి 0డబ్ల్యూ-40 లాంటివి వాడతారు, మైనస్ 30లో స్టార్ట్ అవ్వాలి కదా. అదీ స్కూటర్ లాగే బెల్టు బండే, క్లచ్ ఆయిల్‌లో ఉండదు. మనకి మే నెలలో 40 దాటే ఎండ, కాబట్టి ఆ సున్నాకి డబ్బులు పెట్టక్కర్లేదు. వెనక నంబర్ వేడెక్కాక చిక్కదనం. అలాగని ఎండ ఉంది కదా అని 30 బదులు 50 పోయించకండి. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350కి 15డబ్ల్యూ-50 ఇచ్చారంటే ఆ ఇంజన్ దానికి తగ్గట్టు చేశారు. మీ బండి పుస్తకంలో ఏముందో అదే.

"నల్లగా అయిపోయింది, పాడైంది" అని కూడా అంటుంటారు. మసిని తనలో కలుపుకోవడం ఆయిల్ పనేనండి, నలుపు చూసి కంగారు పడకండి. లెవెల్ చూడండి చాలు. స్ప్లెండర్ అయితే సెంటర్ స్టాండ్ వేసి, కాసేపు ఇంజన్ నడిపి ఆపి, రెండు మూడు నిమిషాలు ఆగి, స్టిక్ తుడిచి లోపల పెట్టండి. మర తిప్పి బిగించొద్దు, ఊరికే ఆనించాలి. రెండు గీతల మధ్య ఉంటే ఓకే.