కుక్కపిల్ల తప్పు చేసిందా?

కుక్కపిల్ల ఇంటికి వచ్చిన మొదటిరోజు పండుగే. ఎవరికి వాళ్ళు దాన్ని ఒళ్ళోకి తీసుకుంటారు, పేరు పెడతారు, ముద్దుచేస్తారు. రెండోరోజు గచ్చుమీద నాలుగుచోట్ల తడి. మూడోరోజు అవ్వ పడుకునే చాపమీద తడి. నాలుగోరోజుకి ఇంట్లో ఒకటే మాట: "దీన్ని ఎక్కడినుంచి తెచ్చావో అక్కడే వదిలిపెట్టి రాపో!"

అలా వదిలిపెట్టిన పిల్ల గతి ఏమవుతుందో మీకు తెలుసు. అదృష్టం బాగుండి బతికినా, టీకా వేయించేవాళ్ళూ తిండి పెట్టేవాళ్ళూ లేని వీధికుక్క అవుతుంది. అంటే, గచ్చుమీది ఆ కాస్త తడి ఒక ప్రాణి బతుకుని నిర్ణయిస్తుందన్నమాట. కనక ఆ తడి సంగతేమిటో కొంచెం శాస్త్రీయంగా ఆలోచిద్దాం.

మూడు ఊళ్ళు, మూడు పిల్లలు

బెంగుళూరు నుంచి గుంతకల్లు వైపు వెళ్ళే రైలుమార్గంలో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వరసగా వస్తాయి. ఒకే తల్లికి పుట్టిన మూడు పిల్లల్ని, రెండు నెలల వయసులో, ఈ మూడు ఊళ్ళలోనూ మూడిళ్ళకి ఇచ్చారనుకుందాం.

హిందూపురం పిల్ల ఊరి చివర పట్టుపురుగులు పెంచే ఇంటికి చేరింది. పెనుకొండ పిల్ల కొండ దిగువన గొర్రెల దొడ్డి ఉన్న ఇంటికి వెళ్ళింది. ధర్మవరం పిల్ల చేరింది నేతగాళ్ళ ఇంటికి. అక్కడ ముందుగదిలో సగం మగ్గమే. గుంటలో కాళ్ళు పెట్టుకుని నాయన నేస్తూంటాడు. పెరడు లేదు. గడప దాటితే సిమెంటు రోడ్డు.

ఈ మూడింటిలో ఏది ముందు శుభ్రత నేర్చుకుంటుంది? పెనుకొండ పిల్ల! అది మిగతావాటికన్నా తెలివైనదని కాదు. ఎందుచేతనో తెలియాలంటే కుక్కపిల్ల పుట్టిన రోజు దగ్గరికి వెళ్ళాలి.

తల్లి చెప్పిన పాఠం

పుట్టినప్పుడు కుక్కపిల్లకి కళ్ళు తెరుచుకోవు, చెవులు వినబడవు. అంతేకాదు, తనంతట తాను మూత్రం కూడా పోయలేదు. తల్లి నాలుకతో పొట్టకింద నాకితేనే ఆ పని జరుగుతుంది. అలా వచ్చినదాన్ని తల్లే నాకి శుభ్రం చేసేస్తుంది. అందుకే పిల్లలున్న చోటు చాలా రోజులపాటు పొడిగా, వాసన లేకుండా ఉంటుంది. తోడేళ్ళకీ ఇదే అలవాటు. కుక్క తోడేలు జాతినుంచి విడిపోయి మనిషితో చేరి కనీసం 14 వేల ఏళ్ళయింది. అయినా ఈ సహజాత ప్రవృత్తి పోలేదు.

మూడు వారాలు వచ్చేసరికి పిల్లకి కాళ్ళు నిలుస్తాయి. అప్పటినుంచి అది పడుకున్న చోటు వదిలి నాలుగడుగులు తడబడుతూ అవతలికి వెళ్ళి మరీ పని కానిస్తుంది. చూశారా! "పడుకునే చోటు పాడుచెయ్యకూడదు" అన్న పాఠం మీరు చెప్పక ముందే దానికి వచ్చు. దానికి తెలియనిదల్లా ఒక్కటే. మీ ఇల్లంతా పడుకునే చోటే అని దానికి తెలియదు. దాని లెక్కలో తన గోనెసంచి ఒక్కటే ఇల్లు. అవ్వ చాప దూరదేశం!

ఎనిమిది, తొమ్మిది వారాల వయసులో మరో మార్పు వస్తుంది. పాదాల కింద ఏది తగిలితే అక్కడ పని కానివ్వాలో పిల్ల నిర్ణయించుకోవడం మొదలుపెడుతుంది. మట్టిమీద అలవాటైన పిల్ల మట్టినే వెతుక్కుంటుంది. గచ్చుమీద అలవాటైతే గచ్చునే వెతుక్కుంటుంది. పెనుకొండ పిల్ల గెలిచింది ఇక్కడే. దాని చుట్టూ ఉన్నదంతా మట్టే కదా!

ముక్కు రాసుకునే చిరునామా

మన ముక్కులో వాసన పట్టే కణాలు సుమారు 50 లక్షలుంటాయి. కుక్క ముక్కులో 20 కోట్లకి పైగా ఉంటాయి. మీరు గుడ్డతో తుడిచి "శుభ్రమైపోయింది" అనుకున్న చోట, కుక్కపిల్లకి నిన్నటి వాసన ఇంకా గుప్పుమంటూనే ఉంటుంది. "ఇదే ఆ చోటు" అని ఆ వాసన దానికి చెబుతుంది. కనక తడిసిన చోటుని సబ్బునీళ్ళతో బాగా రుద్ది కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి.

బ్లీచింగ్ పౌడరు మాత్రం చల్లకండి. మూత్రంలోని యూరియాని సూక్ష్మజీవులు అమ్మోనియాగా మారుస్తాయి. నిలవ మూత్రం ఘాటుగా ఉండేది దానివల్లే. బ్లీచింగ్ పౌడరు అమ్మోనియాతో కలిస్తే ఊపిరితిత్తులకి హాని చేసే వాయువులు పుడతాయి.

ఈ అమ్మోనియాయే ధర్మవరం ఇంట్లో అసలు భయం. పట్టుదారం పత్తిదారంలాంటిది కాదు. అది మాంసకృత్తు. పట్టుపురుగు తన ఒంట్లో తయారుచేసిన పదార్థం. క్షారాలంటే దానికి గిట్టదు. అమ్మోనియా క్షారమే. మూత్రం పడి నిలవుంటే రంగు మారుతుంది, మరక దిగుతుంది. మగ్గంమీద ఎక్కించిన పడుగు ఒక్క చీరది కాదు, కొన్ని చీరలది. కుక్కపిల్ల ఒక్క నిమిషంలో చేసిన పని ఆ ఇంటి కొన్ని వారాల కష్టాన్ని తినేస్తుంది. అందుకని ఆ ఇంట్లో అమ్మ కోప్పడితే ఆవిణ్ణి తప్పుపట్టలేం. మగ్గం ఉన్న గదికి పిల్ల దాటలేని అడ్డుపలక పెట్టాలి. శిక్షణ పూర్తయ్యేదాకా అది తియ్యకూడదు.

హిందూపురం పిల్ల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. పట్టుపురుగుల గదిలోకి దాన్ని అసలు రానివ్వకూడదు. కుక్కకి పిడుదులు పట్టకుండా చల్లే మందు కూడా పురుగుమందే. పట్టుపురుగూ పురుగే కదా! కుక్క బొచ్చుకి అంటిన కాస్త మందు చాలు, తట్టలో పురుగులు చనిపోవడానికి. కుక్కకి మందు రాసిన చేతులతో మల్బరీ ఆకు కూడా ముట్టకూడదు.

దొంగచూపు నిజమేనా?

సరే, ఇప్పుడు నేర్పే సంగతి. చాలామంది ఏంచేస్తారంటే, పిల్లని మెడపట్టి తెచ్చి, దాని ముక్కు ఆ తడికి రాసి, రెండు దెబ్బలు వేస్తారు. పిల్ల చెవులు వాల్చి, తల దించి, పక్కచూపులు చూస్తుంది. "చూడు, తప్పు చేశానని దానికి తెలుసు!" అంటారు.

నిజంగా తెలుసా? అమెరికాలో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే శాస్త్రజ్ఞురాలు 2009లో 14 కుక్కలతో చేసిన పరిశోధన ప్రచురించింది. యజమాని "ఇది తినకూడదు" అని చెప్పి గదిలోంచి బయటికి వెళ్ళేవాడు. తిరిగి వచ్చాక, కుక్క తిన్నదని కొన్నిసార్లు, తినలేదని కొన్నిసార్లు అతనికి చెప్పేవారు. కొన్నిసార్లు ఆ మాట అబద్ధం! తేలిందేమిటంటే, దొంగచూపు తిన్న కుక్కల్లోనే ఎక్కువగా కనబడలేదు. తిట్లు తిన్న కుక్కల్లో కనబడింది. ఏ తప్పూ చెయ్యకుండా తిట్లు తిన్న కుక్క కూడా తల దించింది. అంటే అది పశ్చాత్తాపం కాదు, భయం.

పది నిమిషాల క్రితం పోసిన మూత్రానికీ ఇప్పుడు పడ్డ దెబ్బకీ ఉన్న సంబంధం కుక్కపిల్లకి అందదు. దానికి అర్థమయ్యేది ఇంతే: "తడి దగ్గర మనిషి కనిపిస్తే ప్రమాదం." మర్నాటినుంచి అది మీకు కనబడకుండా మంచంకింద పోస్తుంది!

మరి ఎలా నేర్పాలి? 1898లో థార్న్‌డైక్ అనే శాస్త్రజ్ఞుడు పిల్లుల్ని పెట్టెల్లో పెట్టాడు. గడియ తీస్తే బయట తిండి ఉంటుంది. మొదట పిల్లి ఎటుపడితే అటు గీకేది. అనుకోకుండా గడియ ఊడేది. పదేపదే చేసేసరికి సూటిగా గడియే తీసేది. ఫలితం బాగుంటే ఆ పని మళ్ళీ చెయ్యాలనిపిస్తుందన్నమాట. అయితే ఆ ఫలితం వెంటనే అందాలి. పిల్ల మట్టిలో పని ముగించిన క్షణంలోనే ఒక చిన్న రొట్టెముక్క పెట్టి, మెచ్చుకుంటూ నిమరాలి. ఇంట్లోకి వచ్చాక పెడితే, ఇంట్లోకి వచ్చినందుకు పెట్టారనుకుంటుంది.

రష్యా శాస్త్రజ్ఞుడు పావ్లోవ్ సంగతి మీరు పాఠంలో చదివే ఉంటారు. తిండి పెట్టేముందు ప్రతిసారీ ఒక శబ్దం వినిపిస్తే, కొన్నాళ్ళకి ఆ శబ్దానికే కుక్క నోట్లో లాలాజలం ఊరేది. ఇదే నిబంధన. మీరూ దీన్ని వాడుకోవచ్చు. పిల్ల పని మొదలుపెట్టినప్పుడల్లా మెల్లగా ఒకే మాట, "కానీ కానీ" అనండి. కొన్ని వారాలకి ఆ మాట వినగానే అది చోటు వెతుక్కుంటుంది.

ఒక నోటుపుస్తకం, ఏడు రోజులు

ఇక మీరు చెయ్యవలసిన ప్రయోగం. నోటుపుస్తకంలో నాలుగు గడులు గీయండి: నిద్రలేచింది, తిన్నది, ఆడింది, పోసింది. ప్రతిసారీ గడియారం చూసి వేళ రాయండి. ఏడు రోజులు రాశాక చూడండి. నిద్ర లేవగానే, ఆట మధ్యలో, తిన్న కాసేపటికి అన్న వరస మీకే కనబడుతుంది. పొట్ట నిండగానే పెద్దపేగు కదలడం ఒక ప్రతీకార చర్య. అది పిల్ల ఇష్టాయిష్టాలతో జరిగేది కాదు.

రెండు నెలల పిల్ల మెలకువగా ఉన్నప్పుడు రెండుమూడు గంటలకన్నా ఎక్కువ ఆపుకోలేదు. కనక మీ పట్టిక చెప్పిన వేళకి ఐదు నిమిషాల ముందే దాన్ని ఎత్తుకుని, రోజూ ఒకే చోటికి తీసుకువెళ్ళండి. నేలమీద వాసన చూస్తూ గుండ్రంగా తిరిగిందంటే ఇక ఆలస్యం చెయ్యకూడదు. తడిపేస్తుందని నీళ్ళు పెట్టడం మాత్రం మానకండి. కుక్క నాలుక చాపి వగర్చి ఒళ్ళు చల్లబరుచుకుంటుంది. అలా వగర్చినప్పుడు ఒంట్లో నీరు ఖర్చవుతుంది. మన సీమ ఎండల్లో నీళ్ళు లేకపోతే దాని ప్రాణానికే ముప్పు.

పెరడు లేని ధర్మవరం పిల్లకి ఉపాయమేమిటి? ఒక వెడల్పాటి పాత రేకుతట్టలో మట్టి నింపి మిద్దెమీద పెట్టండి. అది ఇంతకుముందు మూత్రం పోసిన మట్టి పిడికెడు అందులో కలపండి. మిగతాది దాని ముక్కే చూసుకుంటుంది. మలం మాత్రం చేత్తో ముట్టకండి. కుక్కపిల్లల పేగుల్లో ఉండే నులిపురుగులు మనుషులకీ అంటుకుంటాయి. చిన్న పారతో తీసి పాతిపెట్టి, సబ్బుతో చేతులు కడుక్కోండి. పశువైద్యశాలకి తీసుకువెళ్ళి నులిపురుగుల మందు తాగించండి. రేబిస్ టీకా ఎప్పుడు వెయ్యాలో కూడా డాక్టరుగారినే అడగండి.

నాలుగు నుంచి ఆరు నెలల వయసుకి చాలా పిల్లలకి పట్టు వస్తుంది. మధ్యలో ఒకటిరెండుసార్లు తప్పినా కంగారుపడకండి. బాగా నేర్చుకున్న కుక్క ఉన్నట్టుండి ఇంట్లో తడపడం మొదలుపెడితే అది మొండితనం కాకపోవచ్చు, జబ్బు కావచ్చు. డాక్టరుకి చూపించండి.

నాలుగోరోజున "వదిలిపెట్టి రాపో" అన్నప్పుడు పెద్దవాళ్ళతో వాదన పెట్టుకోకండి. ముందు చాప కడిగి ఎండలో వెయ్యండి. తరవాత ఆ నోటుపుస్తకం తెరిచి చూపించి, "ఒక్క నెల గడువివ్వండి" అని అడగండి. ఆ నెలలో నేర్చుకోవలసింది పిల్ల ఒక్కటే కాదు. వేళ తప్పకుండా తలుపు తియ్యడం మీరూ నేర్చుకోవాలి.