టెర్మినల్‌లో నడిచిన కమాండ్ స్క్రిప్ట్‌లో ఎందుకు నడవదు? షెల్, స్టార్టప్ ఫైళ్ల అసలు సంగతి

కొత్త టూల్ ఇన్‌స్టాల్ చేస్తాం. ట్యుటోరియల్‌లో చెప్పినట్టే డాట్ బాష్‌ఆర్‌సీ ఫైల్ చివర ఒక లైన్ పేస్ట్ చేస్తాం. టెర్మినల్ మూసి మళ్లీ తెరిస్తే "కమాండ్ నాట్ ఫౌండ్" అంటుంది! మా టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే డౌట్ ఇదే. చాలామంది వెంటనే టూల్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. చాలాసార్లు టూల్ బాగానే ఉంటుంది. చూడాల్సినవి రెండే: నడుస్తున్నది ఏ షెల్? అది మొదలైనప్పుడు ఏ ఫైల్ చదివింది?

ముందు షెల్ ఏదో తెలుసుకోండి

టెర్మినల్ వేరు, షెల్ వేరు. టెర్మినల్ అంటే మనం టైప్ చేసే విండో. టైప్ చేసింది అర్థం చేసుకుని పని చేయించేది షెల్. 1979లో యూనిక్స్ వెర్షన్ 7తో బోర్న్ షెల్ వచ్చింది. దాని బాటలోనే 1989లో బాష్, 1990లో జెడ్‌షెల్ వచ్చాయి. మూడింటి భాషా దగ్గరగానే ఉంటుంది కానీ ఒకటే కాదు.

ఉబుంటులో టెర్మినల్ తెరిస్తే వచ్చేది బాష్. మ్యాక్‌లో మాత్రం 2019లో వచ్చిన క్యాటలీనా నుంచి కొత్త అకౌంట్లకు జెడ్‌షెల్ డిఫాల్ట్. డాట్ బాష్‌ఆర్‌సీలో ఎంత రాసినా జెడ్‌షెల్ ఆ ఫైల్ ముట్టుకోదు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో టెర్మక్స్ వేసుకుంటే బాష్ వస్తుంది. అదే ఫోన్‌లోకి ల్యాప్‌టాప్ నుంచి ఏడీబీ ద్వారా వెళ్తే ఎంకేఎస్‌హెచ్ అనే ఇంకో షెల్ ఉంటుంది. ఒకే ఫోన్, రెండు షెల్స్!

మీది ఏదో తెలియాలంటే ఎకో అని రాసి, స్పేస్ ఇచ్చి $0 కొట్టండి. పేరు ముందు చిన్న గీత (-) కనిపిస్తే అది లాగిన్ షెల్ అని అర్థం. ఈ గీత తర్వాత పనికొస్తుంది.

ఏ ఫైల్ ఎప్పుడు చదువుతుంది?

బాష్ సంగతి: మామూలు విండో తెరిస్తే డాట్ బాష్‌ఆర్‌సీ చదువుతుంది. సర్వర్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్‌తో లాగిన్ అయితే డాట్ బాష్_ప్రొఫైల్, డాట్ బాష్_లాగిన్, డాట్ ప్రొఫైల్ ఇదే వరుసలో వెతికి, మొదట దొరికిన ఒక్కదాన్నే చదువుతుంది. ఏదైనా టూల్ కొత్తగా డాట్ బాష్_ప్రొఫైల్ క్రియేట్ చేసిందంటే, పాత డాట్ ప్రొఫైల్‌లో మీరు రాసుకున్నవి లాగిన్‌లో పనిచేయడం ఆగిపోతాయి. ఎర్రర్ కూడా రాదు.

జెడ్‌షెల్ సంగతి: డాట్ జెడ్‌ఎస్‌హెచ్‌ఎన్వ్ ప్రతిసారీ, డాట్ జెడ్‌ప్రొఫైల్ లాగిన్ అయినప్పుడు, డాట్ జెడ్‌ఎస్‌హెచ్‌ఆర్‌సీ మనం టైప్ చేసే విండో తెరిచినప్పుడు చదువుతుంది. మ్యాక్ టెర్మినల్ ప్రతి విండోనీ లాగిన్ షెల్‌గానే తెరుస్తుంది. ఉబుంటు టెర్మినల్ అలా తెరవదు.

నేను పాటించే పద్ధతి సింపుల్: పాత్ లాంటి వేరియబుల్స్ ప్రొఫైల్ ఫైల్లో, అలియాస్‌లు, ప్రాంప్ట్ రంగులు ఆర్‌సీ ఫైల్లో.

అసలు ప్రమాదం స్క్రిప్ట్‌లలో

స్క్రిప్ట్ నడిచేటప్పుడు ఆర్‌సీ ఫైళ్లు చదవదు. కాబట్టి మీ అలియాస్‌లు అక్కడ ఉండవు. క్రాన్ జాబ్ అయితే పాత్ కూడా చాలా చిన్నది. అందుకే క్రాన్‌లో ప్రతి టూల్‌కీ పూర్తి పాత్ రాయాలి.

ఇంకా పెద్ద విషయం ఉంది. "ప్రాజెక్ట్ పాతది" అనే ఫోల్డర్ పేరు ఒక వేరియబుల్‌లో పెట్టి, కోట్స్ లేకుండా డిలీట్ కమాండ్‌కి ఇచ్చారనుకోండి. జెడ్‌షెల్ దాన్ని ఒకే పేరుగా తీసుకుని ఆ ఒక్క ఫోల్డర్‌నే తీసేస్తుంది. బాష్ స్పేస్ దగ్గర విడగొట్టి "ప్రాజెక్ట్", "పాతది" అని రెండు పేర్లు చేస్తుంది. మీ అసలు "ప్రాజెక్ట్" ఫోల్డర్ పోతుంది! మ్యాక్ టెర్మినల్‌లో టెస్ట్ చేసి, సర్వర్‌లో బాష్‌తో నడిపితే జరిగేది ఇదే. వేరియబుల్ చుట్టూ డబుల్ కోట్స్ పెడితే రెండు చోట్లా సేఫ్.

మరికొన్ని తేడాలు:

• అర్రే లెక్క బాష్‌లో 0 నుంచి, జెడ్‌షెల్‌లో 1 నుంచి మొదలవుతుంది.
• ఉబుంటులో ఎస్‌హెచ్ అంటే బాష్ కాదు, 2006 నుంచి డాష్. డబుల్ స్క్వేర్ బ్రాకెట్లు, అర్రేలు అందులో పనిచేయవు.
• మ్యాక్‌తో వచ్చే బాష్ 3.2 దగ్గరే ఆగిపోయింది. బాష్ 4లో వచ్చిన అసోసియేటివ్ అర్రేలు అందులో లేవు.

అందుకే స్క్రిప్ట్ మొదటి లైన్‌లో #! తో ఏ షెల్ కావాలో స్పష్టంగా రాయండి. ఎస్‌హెచ్ అని ముందు పెట్టి స్క్రిప్ట్ నడిపితే ఆ లైన్‌ని ఎవరూ పట్టించుకోరు, అదీ గుర్తుంచుకోండి. షెల్‌చెక్ అనే ఫ్రీ టూల్‌తో ఒకసారి చూసుకుంటే కోట్స్ మర్చిపోయిన చోటు చూపిస్తుంది. కాకపోతే జెడ్‌షెల్ స్క్రిప్ట్‌లకు దాని సపోర్ట్ లేదు.

చివరగా ఒక చిన్న అలవాటు: స్టార్టప్ ఫైల్ మార్చేముందు కాపీ తీసుకోండి. మార్చాక ఉన్న విండో మూయకుండా ఇంకోటి తెరిచి చూడండి. కొత్తది మొరాయిస్తే, సరిచేయడానికి పాతది చేతిలో ఉంటుంది.