ధనుర్మాసం తొందరగా ఎందుకు అయిపోతుంది?

ధనుర్మాసం కొన్నేళ్లు 29 రోజులకే భోగితో ముగిసిపోతుంది. జూన్ మధ్యలో మొదలయ్యే మిథున మాసం మాత్రం 31, 32 రోజులు సాగుతుంది. సూర్యుడు ఒక రాశిని దాటే కాలమే ఈ మాసం; రాశి ఏదైనా 30 డిగ్రీలే కదా, సూర్యుడికి ఒకచోట తొందర, ఒకచోట నిదానం ఎందుకని పిల్లలు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే.

వాకిట్లో ముగ్గుతో చూద్దాం. 60 సెంటీమీటర్ల పురికొసతో గుండ్రంగా గీత గీయండి. గొబ్బెమ్మను సరిగ్గా నడిమధ్య కాకుండా ఒక సెంటీమీటరు పక్కకు పెట్టండి. గొబ్బెమ్మకు గీత ఒకవైపు 59 సెంటీమీటర్లలో, ఎదురువైపు 61 సెంటీమీటర్లలో ఉంటుంది. గీత భూమి తిరిగే దారి, గొబ్బెమ్మ సూర్యుడు. భూమి దారి బాగా సాగి ఉంటుందని చాలామంది అనుకుంటారు గానీ, ఈ కొలతలో ఆ నొక్కు కంటికి ఆనదు. సూర్యుడు మధ్య నుంచి తప్పుకుని ఉండటమే అసలు సంగతి. తప్పుకున్నది ఎంత? వ్యాసార్ధంలో అరవయ్యో వంతు, అంటే 0.0167. దాన్నే ఉత్కేంద్రత అంటారు, ఇంగ్లీషులో ఎక్సెంట్రిసిటీ.

జనవరి మొదటి వారంలో భూమి సూర్యుడికి 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది, జూలై మొదటి వారంలో 15.2 కోట్లు. దగ్గరికి వచ్చేకొద్దీ సూర్యుడి ఆకర్షణకు వేగం పుంజుకుంటుంది. జూలైలో సెకనుకు 29.3 కిలోమీటర్లు నడిచేది జనవరిలో 30.3 నడుస్తుంది. మన కంటికి మాత్రం సూర్యుడే గబగబా రాశి దాటినట్టుంటుంది. అందుకే ధనుస్సుకు సుమారు 29న్నర రోజులు, మిథునానికి 31న్నర.

అంత దగ్గరైతే భోగినాడు చలేమిటి? దూరంలో తేడా మూడు శాతమే. భూమి ఇరుసు 23.5 డిగ్రీలు వాలి ఉండటంతో ఆ రోజుల్లో మన వైపు ఎండ ఏటవాలుగా పడుతుంది, పగలూ తగ్గుతుంది. చలికి కారణం అది.

పంచాంగం గుణించే మన సిద్ధాంతులకు ఇదంతా పాత సంగతే. సూర్యుడు ఒకే వేగంతో నడిచినట్టు ముందు లెక్కకట్టి, దానికి మందఫలం అనే సవరణ చేర్చి, సూర్యుడు రాశి మారే సంక్రమణ సమయం రాస్తారు. సూర్యసిద్ధాంతంలోనే ఆ పద్ధతి ఉంది. ఎంత ఓపిక గల లెక్క!

ఇందాకటి ఎక్సెంట్రిసిటీ మాట సంగతికొస్తే, నలుగురి తీరుకు పక్కగా నడిచే మనిషినీ ఎక్సెంట్రిక్ అంటారు. మండపేట వైపు రైసు మిల్లులో అడిగితే ఎక్సెంట్రిక్ అంటే ఒక యంత్రభాగం. ఇరుసుకు తొడిగిన ఆ చక్రానికి రంధ్రం మధ్యలో ఉండదు. అందువల్ల ఇరుసు తిరుగుతుంటే చక్రం అంచు ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి పోతుంది. దానికి తగిలించిన జల్లెడ ఊగి, ధాన్యంలోని గడ్డిపరకలు, మట్టిబెడ్డలు వేరవుతాయి. రంధ్రం ఒక సెంటీమీటరు పక్కకు ఉంటే జల్లెడ రెండు సెంటీమీటర్లు ఊగుతుంది. ముగ్గులో 59కీ 61కీ వచ్చిన తేడా కూడా అంతే.